మనవి కాకిలెక్కలా?

ప్రశ్న: సార్, మా అమ్మాయి ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం ఇండియా, అమెరికా ప్రభుత్వ గణాంకాలను పోలుస్తోంది. అక్కడ ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) వివరాలైనా ఇట్టే దొరుకుతున్నాయట. మన ఎన్టీఆర్ జిల్లా జనాభా పట్టిక మాత్రం ఎంత వెతికినా లేదు. డాలస్‌లో ఉండే మా బావమరిది 'మీవన్నీ కాకిలెక్కలు' అని కొట్టిపారేశాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కాకిలెక్కలు కావండీ, పాత లెక్కలు. రెండూ ఒకటి కాదని మీ బావమరిదికి చెప్పండి. మన చివరి జనగణన జరిగింది 2011లో, ఎన్టీఆర్ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్‌లో, ఇక పట్టిక ఎక్కడ దొరుకుతుంది? పక్కనున్న గుంటూరు సంగతి ఇంకా తమాషా. 2011 పట్టికలో 48.88 లక్షల మందితో కనిపించే గుంటూరు జిల్లాలో ఇప్పటి గుంటూరు, పల్నాడు, బాపట్లలో కొంత భాగం అన్నీ కలిసి ఉంటాయి. అది చూసుకోకుండా పాత అంకెను ఇప్పటి గుంటూరుకు అంటగట్టేవాళ్ళు బోలెడుమంది. మీ అమ్మాయి మండలాల వారీ పట్టికలు తీసి కూడుకోవాల్సిందే, వేరే దారి లేదు.

అదే 2022లో అమెరికా సెన్సస్ బ్యూరో కనెక్టికట్ రాష్ట్రంలో 8 కౌంటీలకు బదులు 9 ప్రణాళికా ప్రాంతాలను లెక్కలోకి తీసుకుంది. పదేళ్ళకోసారి జరిగే జనగణన కాక వాళ్ళకి ఏటా ఇంకో పెద్ద సర్వే ఉంటుంది కాబట్టి, కొత్త ప్రాంతాల పేరుతోనే అంకెలు వచ్చేశాయి. కోవిడ్ ఏడాదిలోనూ 2020 జనగణన కానిచ్చారు. మనది 2021లో వాయిదా పడింది, కొత్త దానికి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ, అంటే ఆ రోజు నాటికి ఉన్న జనాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఈ ఆలస్యం జనాభా ఒక్కదానితో ఆగదు, పల్లెల్లో శాంపిల్ సర్వేలకు (కొన్ని ఇళ్ళనే అడిగి అందరి లెక్క కట్టేవి) ఊళ్ళను ఎంచుకునే జాబితా కూడా ఇన్నాళ్ళూ 2011 లెక్కల నుంచే.

అలాగని మనవాళ్ళని తీసిపారేయకండి. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ చలవతో 1950లోనే దేశమంతటా శాంపిల్ సర్వే మొదలుపెట్టిన వాళ్ళం. అమెరికాలో ధరల పెరుగుదలను కొలిచే ధరల సూచీ పట్టణ వినియోగదారులదే. మనం 2012 ఆధార సంవత్సరంగా నడిపిన సూచీకి 1,181 పల్లెల్లో కూడా ధరలు సేకరించి, గ్రామాలకు విడిగా అంకె ఇచ్చాం. ఉద్యోగాల సర్వే ఫలితాలు 2025 ఏప్రిల్ నుంచి నెలనెలా వస్తున్నాయి. పేర్లు తీసేసిన ఇంటింటి వివరాలు కూడా ఉచితంగానే దింపుకోవచ్చు, మీ అమ్మాయిని అక్కడ మొదలుపెట్టమనండి. వాడుకలో సౌకర్యం చూస్తే మాత్రం అమెరికాదే పైచేయి, అందులో మొహమాటం లేదు.

ప్రశ్న: 2025 ఆగస్టులో ఉద్యోగాల లెక్కలు నచ్చక ట్రంప్ ఆ లెక్కలు తీసే కార్యాలయం కమిషనర్‌నే పీకేశారు కదా. ఇంకా వాళ్ళని చూసి నేర్చుకోమంటారేంటి?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నేర్చుకోవాల్సింది ఆ గొడవకి కారణమైన పద్ధతినే అమ్మా! కంపెనీల జవాబులు కొన్ని ఆలస్యంగా వస్తాయి కాబట్టి అక్కడ ప్రతి నెల అంకెనూ తర్వాత రెండుసార్లు సవరిస్తారు. అలా ఆ ఏడాది మే, జూన్ అంకెలు కలిపి 2.58 లక్షలు తగ్గాయి, దాన్ని దాచకుండా బయటపెట్టారు. మన దగ్గర ఇళ్ళ ఖర్చులు లెక్కించే 2017-18 వినియోగ వ్యయ సర్వేను విడుదల చేయబోమని 2019 నవంబరులో ప్రభుత్వం తేల్చేసింది, డేటా నాణ్యత బాగాలేదని కారణం చెప్పింది. నాణ్యత బాగాలేకపోతే ఆ మాట రాసి మరీ విడుదల చేయొచ్చు కదా, చూసేవాళ్ళు తేల్చుకుంటారు. తర్వాతి సర్వే వివరాలు 2024 ఫిబ్రవరిలో గానీ రాలేదు, ఈ సర్వే నుంచే తీసే ధరల సూచీలోని తిండి ఖర్చు వాటా 2026 ఫిబ్రవరిలో కొత్త సూచీ వచ్చేదాకా 2011-12 నాటిదే. అమెరికాలోనూ 2025 అక్టోబరులో నిధులు ఆగి ప్రభుత్వ కార్యాలయాలు మూతపడి ఆ నెల ధరల సూచీ అసలు రాలేదు. అక్కడ నెల పోతే మన దగ్గర ఏళ్ళు పోయాయి, నా ఫిర్యాదల్లా అదే.