పవర్లు తర్వాత, ముందు పేచీ ఏటో చెప్పండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ మెసేజ్‌లూ ఎక్కువ సూపర్‌హీరో రోల్‌ప్లే ఆట గురించే, అందుకని మిగతావి పక్కనపెట్టి వీటికే జవాబులిస్తున్నా. ఆట తెలీని వాళ్ళకి ఒక్క ముక్క: నలుగురైదుగురు కూర్చుంటారు, అందులో ఒకరు గేమ్ మాస్టర్, ఊరినీ విలన్లనీ నడిపేది వాళ్ళే. మిగతావాళ్ళు తలా ఒక హీరో. ఏం చేస్తామో నోటితో చెప్తారు, అది అయ్యిందా బెడిసిందా అన్నది పాచికలు తేలుస్తాయి.

ప్రశ్న: అన్నా, మాది ఆమదాలవలస, డిగ్రీ చదువుతున్నాం. కథ మన జిల్లాలోనే జరిగేటట్టు గేమ్ మొదలెట్టాం, నేను గేమ్ మాస్టర్ని. ఒకడు ఎగురుతాడు, ఒకడికి నిప్పు, ఒకడు మాయమవుతాడు, ఇంకొకడికి విపరీతమైన బలం. విలన్ ప్రపంచాన్ని నాశనం చేద్దామని చూస్తుంటాడు. రెండు సెషన్లకే అందరికీ బోర్ కొట్టేసింది. విలన్‌కి ఇంకా పవర్లు పెంచమంటావా?

జవాబు: పెంచకు తమ్ముడూ, ఉన్నవే ఎక్కువ. ప్రపంచాన్ని నాశనం చేసేవాడికి ఆమదాలవలసలో ఏటి పని? శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి ఆటో ఎక్కి ఎక్కడికెళ్తాడు? వెటకారానికి అనట్లేదు, ఈ ప్రశ్నకి నీ దగ్గర జవాబు లేకపోతే ఆ విలన్‌కి ఎన్ని పవర్లిచ్చినా వాడు నిలబడడు. ముందు వాడికేం కావాలో రాసుకో, అది వాడికి దక్కితే ఎవరి కొంప మునుగుతుందో రాసుకో. ఆ రెండూ కుదిరాక పవర్ ఏంటన్నది దానంతటదే వచ్చేస్తుంది.

మన దగ్గర్నుంచే ఒకటి తీసుకుందాం. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, పలాస, కవిటి వైపు ఉండే ఉద్దానంలో కొబ్బరి తోటలూ జీడి తోటలూ వేళ్ళతో సహా లేచిపోయాయి. కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది, అంటే ఆ రాత్రి పోయింది ఒక పంట కాదు, ఇంట్లో పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ అన్నీ ఒక్క రాత్రిలో పడిపోయాయి. ఇప్పుడు కవిటి వైపు ఒక రైతుని ఊహించుకో, ఆ రాత్రి తోటలోనే ఉండిపోయాడు, తెల్లారేసరికి గాలి ఆయన మాట వినడం మొదలెట్టింది. ఆయన కోరిక ఒక్కటే, ఇంకే తుపానూ ఉద్దానంలో అడుగుపెట్టకూడదు. పెట్టనివ్వడు కూడా. కానీ వచ్చిన తుపాను ఎక్కడో ఒకచోట పడాల్సిందే కదా, ఒకసారి ఒడిశాలోని గోపాల్‌పూర్ మీదకి తోస్తాడు, ఇంకోసారి భీమిలి మీదకి. వాళ్ళేమైనా తక్కువ తిన్నారా, 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే దాటింది, 2014లో హుద్‌హుద్ విశాఖని పీకి పందిరేసింది.

ఈ మనిషిని ఉద్దానంలో ఎవరూ విలన్ అనరు. పోలీసులొస్తే దాచిపెడతారు. మీ హీరోలు ఆయన్ని వెతుక్కుంటూ వెళ్తే ఊరివాళ్ళు మజ్జిగిచ్చి కూర్చోబెట్టి తప్పుడు దారి చెప్పి పంపిస్తారు. మీవాళ్ళలో ఒకడి పిన్ని ఆ గోపాల్‌పూర్ పక్కనున్న బరంపురంలో కాపురం ఉందని పెట్టు, మనవైపు ఆ సంబంధాలు మామూలే. తుపాను అటు తిరిగింది, పిన్ని ఫోన్ కలవట్లేదు. ఇప్పుడు ఆ నిప్పువాడు ఏం కాలుస్తాడో చూద్దాం, బలమున్నోడు ఎవర్ని కొడతాడో చూద్దాం.

ఇంకొకటి, ఒకడికి గ్రహాంతరవాసి, ఒకడికి మంత్రం, ఒకడికి ల్యాబ్ యాక్సిడెంట్ అని తలో దిక్కు నుంచి పవర్లు తెచ్చిపెడితే సెట్టింగ్ అతకదు. అందరికీ ఆ రాత్రే వచ్చాయని పెట్టెయ్, ఎవడు ఏ పనిలో ఉంటే దాన్నిబట్టి. మాయమయ్యేవాడు ఆ రాత్రి వంటింట్లో దాక్కున్నాడు, పక్కింటి ముసలాయన పేరుపెట్టి పిలుస్తుంటే పలకలేదు. వాడి పవర్ వాడికే సిగ్గు. మిగతా ముగ్గురివీ నువ్వు రాయకు, ఆ రాత్రి మీరెక్కడున్నారని వాళ్ళనే అడుగు.

ప్రశ్న: విజయనగరం నుంచి రాస్తున్నాను సార్, బీటెక్. మా గేమ్‌లో ఒక ఫ్రెండ్ బలం అంతా తన క్యారెక్టర్‌కే పోసుకున్నాడు. ఏ విలన్‌ని తెచ్చినా ఒక్క దెబ్బకే అయిపోతున్నాడు, మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు.

జవాబు: దీనికి రూల్స్‌లో ఒక మందు ఉంది, కథలో ఒక మందు ఉంది. రూల్స్‌ది ముందు చెప్తా. 1981లో వచ్చిన ఛాంపియన్స్ అనే ఆటలో ప్రతి ప్లేయర్‌కీ ఇన్ని అని పాయింట్లు ఇస్తారు, పవర్లు వాటితో కొనుక్కోవాలి, పాయింట్లు చాలకపోతే బలహీనతలు రాసుకుని తెచ్చుకోవాలి, అంటే ఒక శత్రువు ఎప్పుడూ వెంటపడుతుంటాడనో, తనమీదే ఆధారపడ్డ మనిషి ఇంట్లో ఉన్నారనో. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ మూడో ఎడిషన్‌లో ఇంకా సూటిగా పెట్టారు, పవర్ లెవెల్ అంటే హీరోల బలానికి హద్దు, అది 10 అయిన ఆటలో గురీ దెబ్బా కలిపి 20 దాటకూడదు. దెబ్బ 14 పెట్టుకున్నోడికి గురి 6 మించదు, తగిల్తే కొండ పగులుతుంది గానీ తగలాలి కదా. మీవాడికి ఈ లెక్క పెట్టండి, సగం గోల తగ్గుతుంది.

మిగతా సగం కథతో. బలవంతుడంటే మనకి కొత్తేం కాదు, వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి, గొలుసులు తెంపడం చూడ్డానికి జనం ఆయన సర్కస్‌కి విరగబడేవాళ్ళు. అయితే అక్కడ జనం డేరాలో చుట్టూ దూరంగా కూర్చుంటారు. మీవాణ్ణి మీ ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను రోజున మూడు లాంతర్ల దగ్గర నిలబెట్టండి. దసరా తర్వాత మంగళవారం, ఇసకేస్తే రాలనంత జనం, అంత పొడుగు మాను చివర పూజారి గారు గాల్లో కూర్చుని వస్తున్నారు, ఆ మానుకి బీటేసే పవరున్న విలన్ గుంపులో ఎక్కడో ఉంది. మీవాడు చెయ్యి విసిరితే నలుగురు పోతారు, పరిగెడితే పదిమంది కింద పడతారు. కదలకుండా మానుని పట్టుకుని నిలబడ్డమే వాడి పని, వెతికేది మిగతావాళ్ళు. ఫోన్లు జేబులోకి పోతాయి చూడండి.

విలన్ "ఉంది" అన్నాను గమనించారా, ఆడమనిషే. ఎందుకు బీటెయ్యాలనుకుంటోందో మీరే తేల్చుకోండి, పిచ్చిది అని మాత్రం రాయకండి, అది ఒట్టి బద్ధకం.

ప్రశ్న: నమస్తే అండి. టెక్కలి దగ్గర హైస్కూల్లో టీచర్ని. ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ ఆట ఆడిస్తున్నాను. ఒక పాప, చెయ్యి పెడితే కిడ్నీ జబ్బు నయమైపోయే హీరోయిన్‌ని తయారుచేసింది, క్లాసంతా చప్పట్లు కొట్టారు. ఇంకో గుంటడు లేచి, అయితే విలన్ బావిలో విషం కలిపేవాడు అన్నాడు. ఒప్పుకోవాలో వద్దనాలో తెలియక బెల్ కొట్టేదాకా నెట్టుకొచ్చాను.

జవాబు: మేడమ్, పాపని ఆపొద్దు, పవర్ని కాస్త మార్పించండి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం మీకు పక్కనే, డయాలసిస్‌కి వెళ్ళే నాన్నో తాతో ఉన్న పిల్లలు ఆ క్లాసులో ఉండే ఉంటారు. ఆటలో చెయ్యి పెట్టగానే నయమైపోయి, ఇంటికెళ్తే నాన్న అదే మంచం మీద ఉంటే ఆ పిల్లకి ఎలగుంటుంది? నయం చెయ్యలేదు గానీ ఒక మనిషి నీరసాన్నీ నొప్పినీ పొద్దుగూకేదాకా తన ఒంట్లోకి తీసుకోగలదు అనండి. రోజుకి ఒక్కరిది. ఊళ్ళో ఎందరో ఉన్నారు, ఈరోజు ఎవరింటికి వెళ్ళాలి, వెళ్ళని ఇంటివాళ్ళకి ఏం చెప్పాలి? పిల్లలు దీనిమీద కొట్టుకుంటారు, మీరు మధ్యలోకి వెళ్ళకండి.

బావిలో విషం మాత్రం వద్దే వద్దు. నీళ్ళు, నేల, ఎండలో చాకిరీ అంటూ ఎన్నో కోణాల్లో పరిశోధనలు జరిగినా ఆ జబ్బుకి ఇదే కారణం అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు, పలాసలో 200 పడకల ఆస్పత్రితో పాటు కిడ్నీ రీసెర్చ్ సెంటర్ 2023లోనే మొదలైంది. మీరు ఆటలో ఒక మనిషే కలిపాడని పెడితే, పదమూడేళ్ళ పిల్లలు ఊళ్ళో ఎవరో ఒకరి మొహం దానికి తగిలించేస్తారు, అది ఆటతో ఆగదు. బదులుగా పసరు మందు అమ్మేవాణ్ణి పెట్టండి, వాడి పవర్ ఏంటంటే ఏం చెప్పినా జనం నమ్మేస్తారు. వాడి మాట విని ఒకాయన డయాలసిస్ మానేశాడు. ఇంకో మెలిక, వాడికీ అదే జబ్బు, వాడూ ఆ పసరే తాగుతున్నాడు, తన మాట తనే నమ్మేశాడు. దొంగ అని పట్టించేస్తే అయిపోయేది కాదిప్పుడు.

పిల్లలకి మాస్క్స్ అనే 2016 నాటి ఆట పద్ధతి బాగుంటుంది. అందులో హీరోలంతా కుర్రకారే, దెబ్బ తగిలితే ప్రాణం తగ్గడం ఉండదు, కోపం, భయం, తప్పు చేశానన్న బాధ, నిరాశ, నా వల్ల కాదన్న బెరుకు, ఈ 5లో ఒకటి టిక్ పెట్టుకోవాలి. చంపడాలూ చావడాలూ లేకుండానే కథ బిగుస్తుంది.

ప్రశ్న: బ్రో, నాది పలాస, ఉండేది హైదరాబాద్. ఫ్రెండ్స్ ఒకడు చెన్నై, ఇద్దరు బెంగళూరు, శనివారం రాత్రి ఆన్‌లైన్లో ఆడతాం. అందరం సిక్కోలు వాళ్ళమే, కానీ ఊళ్ళో సూపర్‌హీరో ఉన్నాడంటే మాకే నమ్మబుద్ధి కావట్లేదు. అందరూ వలసపోయాక వాడు కాపాడేది ఎవర్ని?

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. మీకు సెట్టింగ్ దొరకలేదనుకుంటున్నారు గానీ వలసే మీ సెట్టింగ్. హీరో పవర్ మన జిల్లా పొలిమేరలోనే పనిచేస్తుంది, దాటితే మామూలు మనిషి. ఉండేది హైదరాబాద్‌లో, సెంట్రింగ్ పని. సంక్రాంతికి రావాలంటే రిజర్వేషన్ దొరకదు, జనరల్ బోగీలో బాత్రూం పక్కన నిలబడి వస్తాడు, ఊళ్ళో ఎంత బలమున్నా దారిలో సీటు కోసం ఎవర్నీ కదపలేడు. భోగి, సంక్రాంతి, కనుమ, ఆ మూడు రోజులే వాడు హీరో. ఏడాది పొడుగునా ఊళ్ళో ఉండేది విలన్ ఒక్కడే, కాబట్టి వాడూ క్యాలెండర్ చూసుకునే పనులు పెట్టుకుంటాడు.

విలన్ ఎవరంటారా, మేస్త్రీ. పనికి మనుషుల్ని తోలుకెళ్ళే మేస్త్రీయే. ఆయన చేతి అడ్వాన్సు పుచ్చుకున్నవాడు అది తీరేదాకా ఆయన మాట కాదనలేడు, అదొక్కటే పవర్. అరవడు, కొట్టడు. ఏ ఇంట్లో పెళ్ళి ఆగిందో, ఎవరి ఆస్పత్రి బిల్లు కట్టాలో అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది, పిలవకుండానే కవరుతో వస్తాడు. ఆయన ఎప్పుడూ అబద్ధం ఆడడని రూల్ పెట్టుకోండి, ఇంకా భయమేస్తుంది. కొట్లాట సీన్ వచ్చినప్పుడు ఆయన వేలు కూడా కదపడు, హీరో నాన్నకి ఒక్క మాట చెప్తాడు, ఆ నాన్న గుమ్మంలో అడ్డంగా నిలబడి "ఎల్లిపోరా బావూ, నీకేటి తెల్దు" అంటాడు. అది మేస్త్రీ మాటో నాన్న సొంత మాటో హీరోకి తెలీదు. నువ్వు గేమ్ మాస్టర్‌వైనా సరే చెప్పొద్దు.

రెండో హీరోగా తీరం పిల్లని పెట్టుకోండి. మన మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికెళ్ళడం, 2018లో కొందర్ని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకోవడం, 2020 జనవరిలో 20 మంది తిరిగిరావడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ పిల్ల సముద్రంలో చెయ్యి పెడితే అవతల తీరంలో ఉన్న నాన్న గుండె చప్పుడు తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలీదు. యుద్ధానికి పనికిరాని పవర్ అని మీవాళ్ళు అంటారు, అననివ్వండి.

ప్రశ్న: బొబ్బిలి నుంచి అండి. తాండ్ర పాపారాయుణ్ణి సూపర్‌హీరోగా, ఆయన మీదికి యుద్ధానికొచ్చిన విజయనగరం రాజు విజయరామరాజుని విలన్‌గా పెట్టి గేమ్ రాస్తున్నా. మా గ్రూపులో ఇద్దరు విజయనగరం వాళ్ళున్నారు, అలిగి కూర్చున్నారు.

జవాబు: అలగరా మరి! 1757 జనవరి 24న జరిగిన యుద్ధానికి ఇప్పటికీ టీ కొట్ల దగ్గర తీర్పులు చెప్పుకుంటున్నాం. అసలు మనుషులకి పవర్లూ పాయింట్లూ రాయకండి, వాళ్ళని వెనకాల ఉంచండి. ఆడేవాళ్ళకి చిన్న మనుషుల్ని ఇవ్వండి, బొబ్బిలి కోటలో ఒక వంటామె, విజయనగరం వైపు వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంలో ఫిరంగి లాగే ఎడ్లబండి అతను, విజయనగరం డేరాల్లో ఒక వైద్యుడు. పవర్లున్నది వీళ్ళకే. కోట పడిపోతుందని అందరికీ ముందే తెలుసు, ఎవర్ని బయటికి తేగలరన్నదే ఆట. మీ విజయనగరం స్నేహితులకి ఆ వైద్యుణ్ణీ బండి అతన్నీ ఇవ్వండి, అలకతీరుతుంది.

ప్రశ్న: రకరకాల డైస్ కావాలంటున్నారు, రాజాంలో ఎక్కడా దొరకట్లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: మాస్క్స్ ఆడితే లూడో పెట్టెలో ఉండే మామూలు పాచికలు 2 చాలు, 10 అంతకు పైన పడితే అనుకున్నది అయినట్టు, 7 నుంచి 9 అయితే అవుతుంది గానీ ఏదో ఒకటి వదులుకోవాలి, 6 గానీ అంతకు తక్కువ గానీ పడితే గేమ్ మాస్టర్ చేతిలో పడ్డట్టే. ఛాంపియన్స్‌కీ ఆ మామూలు పాచికలే, కాకపోతే గుప్పెడు కావాలి. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్‌కి మాత్రం 20 ముఖాలది కావాలి, దొరక్కపోతే ఫోన్లో ఫ్రీ యాప్‌లు బోలెడున్నాయి, దానికోసం వైజాగ్ దాకా వెళ్ళక్కర్లేదు.