స్పీడు బోటు ప్రొపెల్లర్ స్లిప్‌ను ఎలా లెక్కించాలి?

మీరు చెప్పిన వివరాల ప్రకారం రుషికొండ వద్ద మీ బోటు ఇంజిను 5400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీద తిరుగుతుండగా జీపీఎస్ 33 నాట్ల (గంటకు 33 నాటికల్ మైళ్ల) వేగం చూపింది. గేరు నిష్పత్తి 2:1, ప్రొపెల్లర్ పిచ్ 17 అంగుళాలు.

పిచ్ అంటే ప్రొపెల్లర్ ఏమాత్రం జారకుండా ఒక చుట్టు తిరిగితే ముందుకు సాగే దూరం. ఆ లెక్కన రావాల్సిన సైద్ధాంతిక వేగం కంటే బోటు అసలు వేగం ఎంత శాతం తక్కువో అదే స్లిప్. గేరు వల్ల ప్రొపెల్లర్ నిమిషానికి 2700 చుట్లే తిరుగుతుంది కనుక, దానిని 17తో గుణించి 1215తో భాగిస్తే సైద్ధాంతిక వేగం సుమారు 37.8 నాట్లు వస్తుంది. ఇందులో 1215 అనేది నిమిషానికి అంగుళాలను నాట్లలోకి మార్చే సంఖ్య. 37.8 నుంచి 33 తీసివేసి, మిగిలిన 4.8ను మళ్లీ 37.8తోనే భాగించి వందతో గుణిస్తే స్లిప్ దాదాపు 12.7 శాతం.

ఇది లోపం కాదు. రెక్క నీటిని కొంత కోణంలో తాకి వెనక్కి నెడితేనే తోపుడు బలం పుడుతుంది కనుక స్లిప్ సున్నా కావడం అసాధ్యం. అయితే జీపీఎస్ చూపేది నేలతో పోల్చిన వేగం, నీటితో పోల్చిన వేగం కాదు. విశాఖ తీరం వెంబడి ప్రవాహం రుతువును బట్టి దిశ మార్చుకుంటుంది కాబట్టి, అదే ఆర్‌పీఎంతో భీమిలి వైపు ఒకసారి, తిరుగు దిశలో ఒకసారి నడిపి సగటు తీసుకోవడం తప్పనిసరి. అదే బోటులో, అదే బరువుతో స్లిప్ క్రమంగా పెరుగుతుంటే ముందుగా అడుగుభాగానికి పట్టిన నాచు, గుల్లలను, ఆపై రెక్కల అంచుల వంపును పరిశీలించండి.