అక్క పంపిన మందుల చీటీ

ప్రశ్న: ప్రభువు నామంలో వందనాలు. నాకు 43 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటుని. జీతం 62,000. పీఎఫ్, వృత్తి పన్ను, గ్రూపు ఇన్సూరెన్సు పోను చేతికి 57,500 వస్తుంది. మొదటి నుంచీ మొత్తం జీతం మీద లెక్కగట్టి మందిరానికి పదో వంతు, 6,200 దశమభాగం తీస్తున్నాను. చేతికి రాని డబ్బుకు దశమభాగమేంటని మా ఆవిడతో నెలనెలా గొడవ. ఇంటి లోను, పిల్లల ఫీజులు కట్టాక ఏమీ మిగలడం లేదు. నాన్న ఆరేళ్ల క్రితం వీలునామా రాయకుండానే ప్రభువు సన్నిధికి చేరారు. అమ్మ తెనాలి దగ్గర పల్లెలో అక్క ఇంట్లో ఉంటుంది. షుగరు. పొద్దున 22, రాత్రి 14 యూనిట్లని డాక్టరు చీటీ ఫొటో తీసి అక్క పంపింది. నెలకు మూడు ఇన్సులిన్ సీసాలు, షుగరు చూసుకునే స్ట్రిప్పులు, రానుపోను చార్జీలు కలిపి 3,500 అడుగుతుంది. మూడు సీసాలేంటో నాకు అర్థం కాదు. బిల్లులు ఒక నెల పెడుతుంది, ఒక నెల పెట్టదు. అందుకే కుదిరినప్పుడు 1,500 పంపుతున్నాను. నాన్న పేర ఎకరం మాగాణి ఉంది. ఏడాదికి 30,000 కౌలు నాకు వస్తుంది, దానిమీదా దశమభాగం ఇస్తున్నాను. పొలం నా పేరు మీదకు మార్చుకుందామంటే అక్క సంతకం పెట్టకుండా ఏడాదిగా దాటేస్తోంది. ఆమె పెళ్లికి నాన్న ఉన్నదంతా ఊడ్చిపెట్టారు. అయినా ఆమెను క్షమించి ప్రార్థనలో పెట్టుకున్నాను. దశమభాగం మొత్తం జీతం మీద తీయాలా, చేతికొచ్చినదాని మీదా? వాక్యానుసారంగా చెప్పగలరు.
— ఒక సోదరుడు, గుంటూరు

జవాబు: మీరడిగినదానికి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మీ రెండు లెక్కలకూ తేడా నెలకు 450 రూపాయలు. పీఎఫ్ మీ డబ్బే, చేతికొచ్చిన రోజున అందులోంచి ఇవ్వొచ్చు. ఏ లెక్కన ఇచ్చినా పాపం లేదు. సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇవ్వమని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక తొమ్మిదో అధ్యాయంలో పౌలు చెప్పాడు. నెలనెలా ఇల్లాలితో పోట్లాడి తీసే కవరులో ఆ ఉత్సాహం ఎక్కడుంటుంది? వచ్చే నెల నుంచి ఆవిడ చెప్పినట్టే 5,750 అనుకోండి. ఆ గొడవ అంతటితో సరి.

గొడవ మీ ఆవిడతోనని రాశారు గానీ, తెగిన చోటు మీకూ మీ అక్కకూ మధ్య. ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకోండి. అమ్మ మందుల మాట ఎత్తగానే మీకు గుర్తొచ్చింది అమ్మ కాదు, అక్క పెట్టని బిల్లు. ఆ వెంటనే పొలం సంతకం. సంతకం పెట్టలేదన్న కోపం మందుల చీటీ మీద చూపిస్తున్నారు. మధ్యలో నలుగుతున్నది మీ అమ్మగారు.

ముందు ఆ మూడు సీసాల సంగతి చూద్దాం. మీరు అకౌంటెంటు కాబట్టి లెక్కలోనే చెబుతాను. మన మందుల షాపుల్లో మామూలుగా దొరికే ఇన్సులిన్ సీసా పది మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 40 యూనిట్లు, అంటే సీసాకి 400. మీ అమ్మగారికి రోజుకు 22, 14 కలిపి 36. ముప్పై రోజులకు 1,080. దాన్ని 400తో భాగిస్తే రెండు సీసాల మీద ముప్పాతిక దాకా కావాలి. మూడు కొనక ఏం చేస్తుంది? ఫోనులో చీటీ ఉంది, భాగహారం చేతిలో పని. ఆరు నిమిషాలు పట్టని ఆ లెక్క వేయకుండా తోడబుట్టినదాన్ని అనుమానించారు.

డబ్బు రాని నెలాఖరున పల్లెల్లో జరిగేది చెబుతాను. సీసా ఇంకో నాలుగు రోజులు రావాలని 22కి బదులు 16 వేస్తారు. ఏమైందని అడిగితే పెద్దావిడ ‘బానే ఉన్నాను నాయనా’ అంటుంది. షుగరు రోజూ కొంచెం కొంచెం ఎగబాకుతుంది, కాలి మీద చిన్న పుండు మానదు, చూపు మసకబారుతుంది. ఇవి ఒక్క రోజులో బయటపడవు గనుక దూరాన ఉన్న కొడుకుకి తెలియవు.

కానుకల సంచిలో కవరు వేసేటప్పుడు మీరు రసీదు అడగరు. ఆ డబ్బుతో మందిరానికి ఫ్యాన్లు కొన్నారా, కూడికలకు పందిరి వేశారా అని ఆరా తీయరు. దేవుడి మీద భరోసా అంటారు. మంచిదే. రాత్రిపూట లేచి అమ్మ కాళ్లు తడిమి చూసే మనిషి మాత్రం ఇన్సులిన్‌కి, స్ట్రిప్పులకి, ఆటోకి బిల్లులు పెట్టి రుజువు చేసుకోవాలా? అక్క చేసే చాకిరికి మీరు జీతం కడితే మీ దశమభాగం ఏ మూలకు?

వాక్యానుసారంగా చెప్పమన్నారు. దశమభాగమంతా మందిరానికి తెమ్మన్న మలాకీ మూడో అధ్యాయం పదో వచనం మన సంఘాల్లో సండే స్కూలు పిల్లలకు కూడా నోటికొచ్చు. అదే అధ్యాయం ఐదో వచనం తీయండి. కూలివాడి జీతం ఎగ్గొట్టేవాళ్ల మీద, విధవరాలిని, తండ్రిలేనివాళ్లను బాధపెట్టేవాళ్ల మీద తానే సాక్షిగా నిలుస్తానని దేవుడంటాడు. దశమభాగం తెమ్మన్న మాట ఆ తర్వాత ఐదు వచనాలకు వస్తుంది. ద్వితీయోపదేశకాండం పద్నాలుగులో మూడో ఏటి దశమభాగం మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులకూ, తండ్రిలేనివాళ్లకూ, విధవరాళ్లకూ కడుపునిండా తినడానికని ఉంది. మీ అమ్మగారు ఎవరు? ఇక మార్కు సువార్త ఏడో అధ్యాయం. అమ్మానాన్నలకు అక్కరకు రావలసినదాన్ని ‘కొర్బాను, దేవుడికి ఇచ్చేశాను’ అని చెప్పి చేతులు దులుపుకున్నవాళ్లను యేసు ప్రభువు ఎంత గట్టిగా మందలించాడో చదవండి. ‘దేవుడి భాగం తీశాక మిగల్లేదు’ అన్న మాట మీ నోట వచ్చినా అది కొర్బానే.

మన గుంటూరు జిల్లా పల్లెల్లో పిడికెడు బియ్యం కానుక ఎలా తీసేవారో మీ అమ్మగారినే అడగండి. ఇంటిల్లిపాదికీ బియ్యం కొలిచి, ఎసట్లో పోసేముందు ఆ కొలతలోంచి పిడికెడు పక్క కుండలో వేసేవారు. ఇంట్లో ముసలమ్మ వాటా కొలవకుండా తీసిన పిడికెడు ఏ తల్లీ మందిరానికి తీసుకెళ్లలేదు.

ఇప్పుడు పొలం. ఇక్కడ కొంచెం కటువుగా చెప్పాలి, ఏమనుకోకండి. మనకు వర్తించేది 1925 నాటి ఇండియన్ సక్సెషన్ చట్టం. క్రైస్తవుడు వీలునామా లేకుండా పోతే ఆస్తిలో మూడో వంతు భార్యకి. మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానం, కొడుకా కూతురా అన్న తేడా లేదు. కేరళలో పాత తిరువాన్కూరు చట్టం అడ్డుపడితే 1986లో మేరీ రాయ్ కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పింది. మన వైపు ఆ అడ్డు కూడా లేదు. ‘పెళ్లికి అంతా పెట్టారు’ అన్నారు. తండ్రి బతికుండగా బిడ్డకు పెట్టిన ఖర్చును ఆ బిడ్డ వాటాలోంచి తీసేయకూడదని అదే చట్టంలో 49వ సెక్షన్ చెబుతోంది. ఎవరికి ఎంత పెట్టారని చూడదు, మీ చదువుకు పెట్టినదాన్ని మీ వాటాలో ఎలా తీసేయదో అలాగే. యోబు తన కూతుళ్లకు వాళ్ల అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యమిచ్చాడని ఆ గ్రంథం చివరి అధ్యాయంలో ఉంది. అది మన సంఘాల్లో ఎందుకో పెద్దగా ప్రసంగాలకు రాదు.

కాబట్టి ఎకరంలో మూడో వంతు అమ్మగారిది, మూడో వంతు అక్కది, మూడో వంతు మీది. కౌలు 30,000లో మీ వాటా 10,000. ఆరేళ్లకు 1,80,000 తీసుకున్నారు, అందులో 1,20,000 మీది కాదు. దానిమీద తీసిన దశమభాగం వాళ్ల డబ్బులోంచి మీరిచ్చిన కానుక. అక్క సంతకం పెట్టకపోవడం దాటవేత అంటున్నారు. ఆవిడ తన వాటా కాపాడుకుంటోంది, అమ్మ వాటా కూడా. క్షమించానన్నారే, ఇందులో ఆవిడ చేసిన తప్పేమిటి?

మత్తయి ఐదో అధ్యాయంలో అర్పణను బలిపీఠం దగ్గర విడిచి ముందు వెళ్లి సమాధానపడమన్న మాట మీకు తెలుసు. అక్కడ జాగ్రత్తగా చూడండి. మీకు ఎదుటివాళ్ల మీద కోపం ఉంటే అని లేదు. ఎదుటివాళ్లకు మీ మీద ఏమైనా ఉంటే అని ఉంది. అంటే వెళ్లవలసింది మీరు.

ఇక చేయవలసిన పనులు. ఒకటో తారీఖున జీతం పడగానే 3,500 అమ్మగారి ఖాతాకి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. బిల్లు అడగొద్దు. అమ్మగారికి నెలనెలా పింఛను 4,000 వస్తుంటే దాన్ని ఇందులో తగ్గించొద్దు, అది ఆవిడ తిండికీ చేతిఖర్చుకీ. బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఇన్సులిన్ కూడా ఉందేమో అడిగి చూడండి, ఉంటే మిగిలినది ఆవిడ కంటి పరీక్షకి వాడుకోమనండి. మీ బడ్జెట్‌లో ఇంకెక్కడా కోత కుదరకపోతే 5,750లోంచే ఈ 3,500 తీసి, కవరులో 2,250 పెట్టండి. పాస్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పండి. మంచి కాపరైతే సంతోషిస్తారు. దేవుడి సొమ్ము దొంగిలిస్తున్నావని ఆయన అంటే, ఆ మలాకీ ఐదో వచనం, తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయం ఎనిమిదో వచనం ఆయన ముందే చదవండి. ఇంటివాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడన్న మాట అందులో ఉంది.

కౌలు రైతుకు ముగ్గురి ఖాతా నంబర్లూ ఇచ్చి, ఈ ఏటి నుంచి తలా 10,000 వేయమనండి. మీ చేతుల మీదుగా పంపుతానని చెప్పొద్దు. వెనకటి 1,20,000లో అమ్మగారికి 60,000, అక్కకి 60,000. ఒక్కసారి ఇవ్వలేకపోతే నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. ఇన్నాళ్లూ అమ్మకు పంపిన 1,500లు ఇందులో చెల్లు రాసుకోవద్దు, అవి కొడుకుగా ఇచ్చినవి. లూకా సువార్తలో జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. మిమ్మల్ని అసలు మాత్రమే ఇమ్మంటున్నాను.

పొలం మీ నాన్నగారి పేరుతోనే ఉంచేయడమూ మంచిది కాదు. పంట రుణానికీ, నష్టపరిహారానికీ ఆ పేరే అడ్డం వస్తుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాస్‌పుస్తకం, ముగ్గురి ఆధార్‌లు పెట్టి గ్రామ సచివాలయంలో మ్యుటేషన్‌కి, అంటే రికార్డులో పేరు మార్పుకి, దరఖాస్తు చేయండి. కుటుంబ సభ్యుల పత్రంలో చాలాచోట్ల పెళ్లయిన కూతురి పేరు వదిలేస్తారు. ఉందో లేదో చూసుకోండి. ముగ్గురి పేర్లూ ఎక్కించండి, లేదంటే పంపక దస్తావేజు రిజిస్టరు చేయించుకుని ఎవరి భాగం వాళ్ల పేర రాయించుకోండి. అక్క చేత హక్కు విడుదల రాయించుకునే ఆలోచన ఉంటే మానుకోండి. రికార్డులో మీ పేరొక్కటే ఎక్కినా హక్కు మీదైపోదు, మీ పిల్లల తరంలో కోర్టుకెక్కుతుంది.

ఇంకొక్క మాట తెలిసి ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద అమ్మగారు తెనాలి ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌కి ఒక కాగితం పెట్టుకుంటే నెలకు 10,000 దాకా మీ మీద వేయొచ్చు. వకీలు అక్కర్లేదు. ఆవిడ పెట్టుకోదు, ఆ తల్లుల సంగతి మనకు తెలిసిందే. పెట్టుకోదన్న ధీమాతో కదా మీరు 1,500 దగ్గర ఆగారు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ ఆవిడని, పిల్లల్ని తీసుకుని వెళ్లండి. తెనాలి పాతిక కిలోమీటర్లే. ఫోనులో మాట్లాడితే కుదరదు. అక్కతో ‘నిన్ను క్షమించాను’ అనొద్దు. ‘మూడు సీసాల లెక్క వేసుకున్నానక్కా, నాదే తప్పు. కౌలులో నీ వాటా నా దగ్గరుంది, ఇచ్చేస్తాను’ అనండి. ఆవిడ రెండు మాటలంటే పడండి. వెంటనే కరిగిపోతుందని అనుకోకండి, ఆరేళ్ల బరువు అది. పొలం కాగితాల మాట ఆ రోజు ఎత్తొద్దు.

నెలకు సరిపడా సీసాలు తీసుకెళ్తుంటే ఐసుకి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఫ్రిజ్‌లో పెట్టినా పైన ఫ్రీజరులో వద్దు, తలుపు అరలో పెట్టమనండి. సిరంజి మూత రంగు చూడండి. 40 యూనిట్ల సీసాకి ఎర్ర మూతది వాడాలి. నారింజ మూతది 100 యూనిట్లది. షాపువాడు పొరపాటున అదిస్తే 20 గీత దాకా లాగినా లోపలికి వెళ్లేది 8 యూనిట్లే, ఎంత మందు వాడినా షుగరు ఎందుకు దిగడం లేదో తెలియక ఇల్లంతా కంగారు పడుతుంది. పాలలా తెల్లగా ఉండే రకమైతే సీసాని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, గిలక్కొట్టకూడదు. బొడ్డుకి రెండు వేళ్ల దూరం వదిలి, నిన్న పొడిచిన చోటు కాకుండా వేయాలి. ఇవన్నీ అక్కకు తెలుసు, ఆవిడనే నేర్పించమనండి. సాయంత్రానికే బయల్దేరకుండా ఉండి, ఆ రాత్రి 14 యూనిట్లు మీ చేత్తో వేసి రండి.