హెవీ లైసెన్సు: పాఠకుల సందేహాలు, మా జవాబులు

డెల్టాలో ధాన్యం, కొబ్బరి, అరటి, రొయ్య ఏది ఊరు దాటాలన్నా లారీ ఎక్కాల్సిందే. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం లారీ లైసెన్సు గురించే. కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నాకు 20 ఏళ్లు నిండాయి. బైకు, కారు లైసెన్సు ఉంది. మా మావయ్యగారి పది టైర్ల లారీ తోలాలని ఉంది. ఏజెంటు "ప్యాకేజీ" అంటున్నాడు. సొంతంగా చేసుకోలేనా? (పాలకొల్లు)

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. ముందు మీ కార్డు తీసి రెండు తారీఖులు చూడండి. పుట్టినతేదీ లెక్కన 20 నిండాలి. మీకు నిండాయి. రెండోది, ఎల్‌ఎంవీ అంటే కారు తరగతి ఏ రోజున వచ్చిందన్నది. ఆ రోజు నుంచి ఏడాది పూర్తయితేనే రవాణా వాహనానికి నేర్చుకునే లైసెన్సు, అంటే ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు. బైకు లైసెన్సు నాలుగేళ్ల కిందటిదైనా ఈ లెక్కలోకి రాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

తర్వాత ఫారం 1ఎ, అంటే డాక్టరు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం. కారుకైతే 40 దాటినవాళ్లకే అడుగుతారు. లారీకి ఏ వయసువాళ్లయినా తేవాల్సిందే. పట్టపగలు 25 మీటర్ల దూరంలో కారు నంబరు ప్లేటు చదవగలరా, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, హారన్ వినబడుతుందా అన్నవి అందులో ఉంటాయి. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు దాన్ని ఇంట్లో వదిలి వెళ్లకండి.

ఆ పత్రం చేతికొచ్చాక రవాణా శాఖ వెబ్‌సైటు సారథి పోర్టల్లో ఎల్‌ఎల్‌ఆర్‌కి దరఖాస్తు పెట్టండి. ఆధార్లో పేరు, కార్డులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే ముందే సరిచేయించుకోండి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాకే టెస్టు.

ఈలోపు డ్రైవింగ్ స్కూలు. లారీకి ఫారం 5, అంటే స్కూలు ఇచ్చే శిక్షణ పత్రం తప్పనిసరి. నిబంధన ప్రకారం 30 రోజుల శిక్షణ, అందులో కనీసం 15 గంటలు స్టీరింగు మీ చేతిలో ఉండాలి. "ప్యాకేజీ"లో అసలు కిటుకు ఇదే. బండి ఎక్కించకుండానే ఫారం 5 చేతిలో పెడతారు. పైగా దాని మీద తారీఖు ఎల్‌ఎల్‌ఆర్ కన్నా ముందుదై ఉంటే ఆఫీసులో దొరికిపోయేది మీరే. డబ్బు ఆదా అని కాదుగానీ, ఆ 15 గంటలు వదులుకుంటే తర్వాత నేర్చుకునేది లోడు బండి మీద, ఎదురుగా బస్సు వస్తుండగా. నేర్చుకునే బండికి ముందూ వెనకా 18 సెంటీమీటర్ల చదరపు తెల్ల పలక మీద ఎర్ర "ఎల్" ఉండాలి. పక్కన లైసెన్సున్న గురువు ఉండాలి. క్లీనరు ఉంటే చాలదు.

కేంద్రం పెట్టిన రుసుములు ఇవి: ఎల్‌ఎల్‌ఆర్‌కి తరగతికి 150 రూపాయలు, టెస్టుకి 300, కార్డులో కొత్త తరగతి చేర్చడానికి 500. రాష్ట్ర సేవా రుసుము వీటికి అదనం. స్కూలు ఫీజు వేరే. ఏజెంటు చెప్పిన అంకె పక్కన ఇవి రాసి చూసుకోండి. సొంత ఊరి ఆఫీసులో తేదీ దొరక్కపోతే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ ఆఫీసుకైనా వెళ్లొచ్చు. పాలకొల్లు వాళ్లు భీమవరమే పోవాలని లేదు.

ప్రశ్న: ఎనిమిదో తరగతి తప్పాను. లారీ లైసెన్సు ఇవ్వరంటున్నారు. (ముమ్మిడివరం)

జవాబు: ఆ నిబంధన 2019లోనే తీసేశారు. ధైర్యంగా వెళ్లండి.

ప్రశ్న: చెరువు నుంచి ఐసు ఫ్యాక్టరీకి పికప్ వ్యాన్లో రొయ్యల ట్రేలు తోలతాను. కారు లైసెన్సే ఉంది. చెకింగులో "ట్రాన్స్‌పోర్టు లేదు" అని ఆపుతున్నారు. (ఆకివీడు)

జవాబు: మీ బండి ఆర్సీలో మొత్తం బరువు, అంటే బండీ లోడూ కలిపి అనుమతించిన బరువు, ఎంత రాసి ఉందో చూడండి. అది 7,500 కిలోలకు మించకపోతే ఎల్‌ఎంవీ లైసెన్సు చాలు, రవాణా తరగతి విడిగా అక్కర్లేదు. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిన మాట ఇది. చిన్న ఏనుగు (టాటా ఏస్), పికప్‌లు ఈ గీతకు ఎంతో కింద ఉంటాయి. చూపుకి చిన్నగా ఉందనో, టైర్లు ఆరే అనో మాత్రం అనుకోకండి. ఆరు టైర్ల బళ్లలో గీతకు ఇటువీ ఉన్నాయి, అటువీ ఉన్నాయి. పెట్రోలు, గ్యాసు లాంటి ప్రమాదకర సరుకు బళ్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

ప్రశ్న: రెండుసార్లు టెస్టు పోయింది. రెండుసార్లూ రివర్సులోనే. ట్రాకు మీద బండి ఎటో పోతోంది. (అమలాపురం)

జవాబు: తప్పినవాళ్లకి మళ్లీ 7 రోజుల తర్వాతే అవకాశం. మూడోసారీ తప్పితే 60 రోజులు ఆగాలి. కాబట్టి తొందరపడి స్లాటు పెట్టుకోకండి.

రివర్సు పోయేది సాధారణంగా బండి కదలకముందే. అద్దాలు మీ ఎత్తుకి సరిచేసుకున్నారా? స్కూలు లారీ అద్దాలు అంతకుముందు ఎక్కినవాడి ఎత్తుకి ఉంటాయి. వెనక టైరు నేలను తాకేచోటు, దాని పక్కన గీత, రెండూ అద్దంలో కనబడాలి. కేవలం బాడీ కనబడితే ఆ అద్దం ఎందుకూ పనికిరాదు. తలుపు తీసి వెనక్కి వంగి చూడకండి. ఎడమ వైపు ఏమవుతోందో తెలియదు.

లారీకి వెనక భాగం ఎటు పోవాలో స్టీరింగు అటే తిప్పాలి. వెనక ఎడమకి వెళ్తుంటే మూతి కుడికి విసురుతుంది. వెనకే చూస్తూ ఆ కుడి మూల గుంజ తగిలించుకునేవాళ్లే ఎక్కువ. యాక్సిలరేటరు ముట్టకండి. ఇంజను ఐడిల్ మీదే క్లచ్‌తో పాకించండి. స్టీరింగు తిప్పిన ఫలితం లారీలో ఒక గజం ఆలస్యంగా కనబడుతుంది. కనబడలేదని ఇంకా తిప్పితే, కనబడేసరికి రెండింతలవుతుంది. కొంచెం తిప్పి, ఆగి, చూసి, మళ్లీ కొంచెం.

ఎత్తు మీద ఆపి మళ్లీ ఎత్తేటప్పుడు బండి వెనక్కి జారినా తప్పిస్తారు. పార్కింగ్ బ్రేకు వేసి ఉంచి, క్లచ్ వదులుతూ క్యాబిను సన్నగా వణికే చోటు దొరికాకే బ్రేకు వదలండి. ఇక సీటు బెల్టు, ఇండికేటరు. బ్రేక్ ఇనస్పెక్టరు మొదట చూసేవి అవే. అవి మరచిపోయి తప్పడం మాత్రం అన్యాయం.

ప్రశ్న: లైసెన్సు వచ్చింది. ఇన్నాళ్లూ వ్యానే తోలాను. గాలి బ్రేకుల బండి కొత్త. కాలవ గట్టు మీద భయంగా ఉంది. (రావులపాలెం)

జవాబు: భయం ఉండడం మంచిదే. పొద్దున్న స్టార్టు చేయగానే బజరు మోగుతుంటే కదలకండి. రాత్రంతా ట్యాంకుల్లో గాలి దిగిపోయి ఉంటుంది. బజరు సాధారణంగా గాలి ఒత్తిడి 4, 5 బార్ల మధ్యకి వచ్చాక ఆగుతుంది. అయినా ఆగండి. గాలి మీటరు ముల్లు 6 దాటి, చాలా బళ్లలో 8 దగ్గర, వాల్వు "సుస్సు"మని వదిలితే గాలి నిండినట్టు. పార్కింగ్ బ్రేకు పట్టేది స్ప్రింగు, దాన్ని వదిలించేది గాలి. గాలి లేకుండా గేరేసి లాగితే క్లచ్ కాలుతుంది.

మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ట్యాంకుల అడుగున నీళ్లు చేరతాయి. కింద డ్రెయిన్ వాల్వు లాగి చూడండి. నీళ్లో, తెల్లటి నురగో ఎక్కువగా వస్తుంటే గాలిలో తేమ తీసే డ్రయ్యరు ఫిల్టరు మార్చే వేళయింది. బ్రేకు మీద పదేపదే కాలేసి తీస్తే ప్రతిసారీ గాలి పోతుంది. ఒకేసారి నిదానంగా నొక్కి పట్టుకోండి. మారేడుమిల్లి ఘాటులాంటి చోట డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ వేసేవాళ్లున్నారు. లోడు బండికి అది చావు. ఎక్కిన గేరులోనే దిగండి, ఇంజను పొగను అడ్డగించి బండి వేగం తగ్గించే ఎగ్జాస్టు బ్రేకు వాడండి.

కాలవ గట్టు సంగతి. వానాకాలంలో తారు అంచు దాటితే లోపల మెత్తగా ఉంటుంది. పైకి గడ్డి మొలిచి గట్టిగానే కనబడుతుంది. ఎదురుబండికి దారివ్వాలంటే లోడు బండిని కాలవ వైపు దింపకండి. వెడల్పున్న చోట ముందే ఆగి ఎదురుచూడండి. వంతెన దగ్గర అడ్డంగా మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుపోతాయి. మూతి మలుపు దాటేదాకా తిన్నగా పోనిచ్చి అప్పుడు తిప్పండి. లేకపోతే వెనక టైరు పిట్టగోడ ఎక్కుతుంది. ఎడమకి తిరిగేటప్పుడు మీరు వదిలిన ఆ సందులోకి బైకు దూరుతుంది. ఎడమ అద్దం రెండుసార్లు చూడండి.

ప్రశ్న: మిల్లుకి ధాన్యం తోలే మా డ్రైవరు లైసెన్సు 2031 వరకు ఉంది. అయినా గడువు తీరిందంటున్నారు. బస్తాలు ఎన్ని వేయొచ్చో కూడా చెప్పండి. (తణుకు)

జవాబు: కార్డులో రెండు గడువులుంటాయి. ఎన్‌టీ అన్నది కారు, బైకులది. టీఆర్ అన్నది లారీది. మీరు చూసింది ఎన్‌టీ అయ్యుంటుంది. టీఆర్ అయిదేళ్లే. ఇదివరకు గడువు తీరాక 30 రోజుల వెసులుబాటు ఉండేది, 2019 సవరణలో అది పోయింది. తీరడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్ పెట్టుకోవచ్చు. తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు పాసవ్వాలి. ఈ మధ్యలో బండి ఇస్తే డ్రైవరుకి 5,000, మీకు 5,000 జరిమానా. అదైనా నయం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధితుడికి కట్టి, ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకునే వీలుంది.

బస్తాల లెక్క: రెండు యాక్సిళ్ల (ఇరుసుల) ఆరు టైర్ల లారీకి బండీ లోడూ కలిపి గరిష్ఠంగా 18.5 టన్నులు, మూడు యాక్సిళ్ల పది టైర్లకు 28.5 టన్నులు. మీ ఆరు టైర్ల బండి ఖాళీ బరువు ఆరున్నర టన్నులనుకుంటే మిగిలేది 12 టన్నులు, అంటే 75 కిలోల బస్తాలు 160. మిల్లు దగ్గర 200 వేస్తే మూడు టన్నులు ఎక్కువ. జరిమానా 20,000, ఆపైన టన్నుకి 2,000 చొప్పున 6,000, మొత్తం 26,000. ఎక్కువైన బస్తాలు దింపించే కూలి కూడా మీదే.

ప్రశ్న: తాటిపాక వైపు పెట్రోలు ట్యాంకర్లు తోలాలంటే? (రాజోలు)

జవాబు: హెవీ లైసెన్సు మీద ప్రమాదకర సరుకు అనుమతి కావాలి. దానికి గుర్తింపున్న సంస్థలో మూడు రోజుల శిక్షణ, ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. అనుమతి మూడేళ్లు చెల్లుతుంది. రెన్యువల్‌కి ఒకరోజు శిక్షణ. ఐసు ఫ్యాక్టరీలకు అమ్మోనియా మోసే బళ్లకూ ఇదే. ట్యాంకరు సగం నిండి ఉంటే మలుపులో, బ్రేకులో లోపల సరుకు ఊగి బండిని తోస్తుంది. పూర్తిగా నిండిన ట్యాంకరు కన్నా దానితోనే ఎక్కువ జాగ్రత్త.