ముందు టైర్లు లోపలి వైపే ఎందుకు అరిగిపోతున్నాయి?

కావలి నుంచి మీరు అడిగింది ఇదీ: అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించి ఏడాది కూడా కాలేదు, కారు ముందు టైర్లు రెండూ లోపలి అంచున గుండైపోయాయి, బయటి సగం మాత్రం బాగానే ఉంది, షాపులో టైర్లు మార్చి మళ్ళీ అలైన్‌మెంట్ చేయించమంటున్నారు. టైర్లు మార్చక తప్పకపోవచ్చు. కానీ కారణం పట్టుకోకుండా మారిస్తే కొత్తవీ ఇలాగే పోతాయి.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, లోపలి అంచు మీద టార్చి కొట్టి చూడండి. తీగ గానీ, రబ్బరు కింద గుడ్డ పొర గానీ కనిపిస్తే ఆ టైరుతో దయచేసి హైవే ఎక్కొద్దు. మే నెల ఎండలో నెల్లూరు వైపు వంద స్పీడులో పోతుంటే అలాంటి టైరు పగలడానికి ఎంతోసేపు పట్టదు. బయటి నుంచి చూస్తే గ్రిప్పు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి చాలామంది దీన్ని గమనించరు. నాకు భయమంతా అక్కడే.

ఇక కారణం. లోపలి అంచు ఒక్కటే అరిగిందంటే మామూలుగా రెండు దోషాల్లో ఒకటి ఉంటుంది. ఒకటి టో: చక్రాల ముందు భాగాలు కాస్త బయటికి చూస్తుంటాయి. రెండోది క్యాంబర్: చక్రం పై భాగం లోపలికి వాలి ఉంటుంది. అరిగిన చోట అరచేత్తో అడ్డంగా రుద్ది చూడండి. ఒకవైపు రుద్దితే నున్నగా, ఎదురు రుద్దితే రంపం పళ్ళలా తగిలితే అది టో దోషమే అనుకోవచ్చు. నున్నగా ఒకే వాలుగా అరిగి ఉంటే క్యాంబర్‌ని అనుమానించాలి.

మరి అలైన్‌మెంట్ చేయించినా ఎందుకు పోలేదు? నాది ఒంగోలు. పని మీద చీమకుర్తి వైపు తరచూ వెళ్తుంటాను. ఎదురుగా గ్రానైట్ బండల లారీ వస్తే ఎడమ చక్రం రోడ్డు అంచు దిగక తప్పదు. నా కారుకూ ఎడమ ముందు టైరు లోపలి వైపే పోయేది. అలైన్‌మెంట్ షీటులో మాత్రం అంకెలన్నీ ఆకుపచ్చగానే వచ్చేవి. చివరికి ఒక పాత మెకానిక్ బండిని జాకీ మీద లేపి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుకు పట్టి ఉంచే ఇనుప చేయి) దగ్గర రాడ్డు పెట్టి ఎత్తి చూపించాడు. ఆ ఆర్మ్ కీలులో ఉండే బుష్ రబ్బరు సగానికి చినిగి ఉంది. "మిషన్ మీద బండి కదలకుండా నిలబడి ఉంటుంది సార్, అందుకే అంకెలు బాగుంటాయి. రోడ్డు మీద బ్రేకు తొక్కితే ఈ ఆర్మ్ జరుగుతుంది, చక్రం ఎటో చూస్తుంది" అన్నాడు. రెండు వైపులా బుష్‌లు మార్పించి, ఆ తర్వాతే అలైన్‌మెంట్ చేయించాను. తర్వాత వేసిన టైర్లు సమానంగా అరుగుతున్నాయి.

కాబట్టి మీరూ బండిని జాకీ మీద పెట్టించండి. చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపితే ఆడిందంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు) చూడాలి. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడిందంటే బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రానికి కలిపే కీలు) గానీ చక్రం బేరింగ్ గానీ. లోయర్ ఆర్మ్ బుష్‌లకు రాడ్డు పరీక్ష తప్పనిసరి. ఇవన్నీ సరిచేశాకే అలైన్‌మెంట్. ముందూ తర్వాతా రీడింగులున్న షీటు అడిగి తీసుకోండి. చాలా చిన్న కార్లలో మిషన్ మీద టో ఒక్కటే సర్దుతారు. క్యాంబర్ తేడా ఉంటే స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉండే నిలువు భాగం) వంగిందేమో, ఆర్మ్ వంగిందేమో వెతకాలి. "క్యాంబర్ అంతే ఉంటుంది సార్" అంటే అక్కడ ఆగిపోకండి.

గాలి వల్ల వచ్చే అరుగుదల వేరు. గాలి తక్కువైతే రెండు అంచులూ, ఎక్కువైతే మధ్య భాగం అరుగుతుంది. అక్కడక్కడ గుంటలుగా అరిగితే షాకబ్జర్లు, బ్యాలెన్సింగ్ చూడాలి. గాలి ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠం, దాన్ని పట్టించుకోకండి. పొద్దున్నే, బండి కదలక ముందు చూసుకోవాలి. ఎండలో దూరం నడిపి బంకులో చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది తీయించేస్తే చల్లారాక గాలి తక్కువైపోతుంది. రొయ్యల ట్రేలు వేసే పికప్ బండ్లవాళ్ళు లోడుకు రాసిన అంకె వేరుగా చూసుకోవాలి. ఖాళీ బండి గాలితో లోడు ఎత్తితే వెనక టైర్ల అంచులు ఊరికే పోతాయి.

బాగుచేయించాక ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. పెద్ద గుంటలో గట్టిగా పడితే ఆ లెక్క కోసం ఆగకుండా వెంటనే అలైన్‌మెంట్ చూపించండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే టైరు పని అయిపోయినట్టే. గాడిలో ఉండే చిన్న గట్టుతో గ్రిప్పు సమానమైతే ఆ లోతుకు వచ్చిందని అర్థం. మీ టైర్లలో ఎటూ లోపలి అంచు అది దాటిపోయి ఉంటుంది, రెండు కొత్తవి కొనాల్సి రావచ్చు. అప్పుడు వెనక ఉన్న మంచివి ముందుకు వేయించి, కొత్త జతను వెనక వేయించండి. షాపువాళ్ళు కొత్తవి ముందు వేస్తామంటారు, ఒప్పుకోకండి. వానలో వెనక టైర్లు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, స్టీరింగ్‌తో దాన్ని ఆపడం చాలా కష్టం.