బోటు మీద వంట, వడ్డన: ఫుడ్ హైజీన్ ట్రైనింగ్‌కి లక్షన్నర కట్టాలా?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు, ఇంటర్ పాసయ్యాను. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. పాపికొండలు వెళ్లే టూరిస్టు లాంచీలో పని చేస్తున్నాను. వంట ఒడ్డున చేసి లాంచీ ఎక్కిస్తారు, వడ్డన, గిన్నెల పని నాది. సీజన్ లేనప్పుడు ఒక బోటింగ్ పాయింట్‌లో కయాక్‌లు, జెట్ స్కీ దగ్గర హెల్పర్‌గా ఉంటాను. విశాఖలో ఒక సంస్థ వాళ్లు ఫుడ్ హైజీన్ ట్రైనింగ్ ఇచ్చి క్రూయిజ్ షిప్పులో ఉద్యోగం ఇప్పిస్తామని లక్షన్నర అడుగుతున్నారు. నాన్న పొలం తాకట్టు పెడతానంటున్నాడు. చేరమంటారా?

జవాబు:

తమ్ముడూ, ముందు నాన్నని ఆగమను. పొలం కాగితాలు బీరువాలోనే ఉండనీ. ఫుడ్ హైజీన్ ట్రైనింగ్ చాలా అవసరమైన చదువే, నువ్వు చేస్తున్న పనికి ఈ రోజే కావాలి కూడా, కానీ దాని ఖరీదు లక్షన్నర కాదు, అందులో పదో వంతు కూడా కాదు.

మన దేశంలో ఈ ట్రైనింగ్‌కి ప్రభుత్వ పథకమే ఉంది. దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లది, పేరు ఫోస్టాక్. క్యాటరింగ్ వాళ్లకి బేసిక్, అడ్వాన్స్‌డ్ అని కోర్సులుంటాయి, ఒక పూటలోనో ఒక రోజులోనో అయిపోతాయి, ఫీజు సాధారణంగా వందల్లోనే ఉంటుంది. సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. ఆహారం తయారుచేసే, అమ్మే సంస్థల్లో ప్రతి 25 మంది పనివాళ్లకి ఇలా శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఒకరైనా ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ చెబుతోంది. అంటే మీ లాంచీ ఓనరుకీ ఈ కాగితం పనికొస్తుంది, కాబట్టి ఆయన్నే అడుగు, "నేను చేసొస్తాను సార్, ఫీజు మీరు కట్టండి" అని. ఒప్పుకుంటే మంచిది, లేదంటే నువ్వే కట్టుకో, మోయలేని ఖర్చు కాదు. ఆహారం ముట్టుకునేవాళ్లకి ఏడాదికోసారి డాక్టరు పరీక్ష, టైఫాయిడ్ టీకా కూడా ఉండాలి, ఆ పని ఇప్పటిదాకా కాకపోతే దీనితోపాటే చేయించుకో.

ఇక అసలు సంగతి. సర్టిఫికెట్ చేతికొచ్చేస్తుంది, అది పెద్ద విషయం కాదు. ఆ క్లాసులో చెప్పేది హోటల్ వంటగదిని దృష్టిలో పెట్టుకుని చెబుతారు, దాన్ని లాంచీకి ఎలా అన్వయించాలో నువ్వే ఆలోచించాలి. అలా ఆలోచించగలిగినవాడికే ఈ రంగంలో పైకెళ్లే దారి దొరుకుతుంది. అందుకే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ లాంచీలో అన్నమే తీసుకో. తెల్లారుజామున ఒడ్డున వండుతారు, అండాల్లో లాంచీ ఎక్కిస్తారు, జనం తినేది మధ్యాహ్నం ఒంటిగంటో, పేరంటాలపల్లి చూసుకుని వచ్చేసరికి ఆలస్యమైతే రెండో. అందరి భయం చికెన్ కూర మీదే ఉంటుంది, అన్నాన్ని ఎవరూ అనుమానించరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, అన్నం ఉడికినా దాని బీజాలు చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు, అన్నం వాసన కూడా మారకపోవచ్చు. తిన్న కొన్ని గంటలకే వాంతులు మొదలవుతాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిని ప్రమాద మండలం అంటారు, ఆ మధ్యలో ఆహారం ఎంతసేపు ఉంటే అంత ప్రమాదం. కాబట్టి అన్నం, కూరలు కనీసం 60 డిగ్రీల పైన ఉంచాలి, లేదా పెరుగు, సలాడ్ లాంటివి 5 కంటే తక్కువలో ఉంచాలి. పులుపు వల్ల పులిహోర కాస్త తట్టుకుంటుంది, మన పెద్దవాళ్లు ప్రయాణాలకి అదే కట్టుకెళ్లడంలో అర్థం ఉంది. తెల్లన్నానికి ఆ రక్షణ లేదు.

మరి లాంచీలో ఏం చేయొచ్చు? వంట మాస్టరుతో మాట్లాడి అన్నం చివరగా వార్చమను, అండా మీద గుడ్డ కప్పి వదిలేయకుండా మూత బిగుతుగా ఉండే ఇన్సులేటెడ్ డబ్బాల్లోకి వేడిగా ఉన్నప్పుడే ఎక్కించండి, వాటిని ఇంజను గది పక్కన ఎండ తగిలే చోట కాకుండా మరో చోట పెట్టండి. ఆహారంలో గుచ్చి చూసే థర్మామీటరు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. అది కొని, వడ్డించే ముందు అన్నంలో, కూరలో గుచ్చి, ఎంత చూపించిందో టైముతో సహా ఒక నోట్‌బుక్‌లో రాయి. బొంగు చికెన్ లాంటివాటికైతే థర్మామీటరు తప్పనిసరి, బొంగు పైన మాడి నల్లబడినా లోపల మధ్య ముక్క ఉడికిందో లేదో కంటికి తెలియదు, మధ్యలో 75 డిగ్రీలు చూపించాలి. ఈ నోట్‌బుక్ మానకుండా రాయి, రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా నువ్వు చూపించగల అసలైన అనుభవం అదే.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. చుట్టూ గోదావరి ఉంది కదా అని ప్లేట్లు అందులో ముంచి తీసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ నీటిలో ఏం కలుస్తోందో నాకంటే నీకే బాగా తెలుసు. గిన్నెలకి, చేతులకి తాగే నీళ్లే వాడాలి. డ్రమ్ములో నిలవ ఉంటే మూత, కుళాయి ఉండాలి, చెంబు ముంచి తీయకూడదు. చేపలు నిలవ చేయడానికి తెచ్చిన ఐసు కూల్‌డ్రింకుల గ్లాసులో వేయకూడదు. గిన్నెలు కడగడం మూడు అంచెల్లో జరగాలి, సబ్బు నీళ్లు, తర్వాత మంచినీళ్లు, ఆ తర్వాత క్లోరిన్ కలిపిన నీళ్లు. చాలా క్రూయిజ్ షిప్పుల్లో దీనికే మూడు రంగుల బకెట్లు ఉంటాయి, ఎరుపు కడగడానికి, బూడిద రంగు తొలపడానికి, తెలుపు శానిటైజర్‌కి. ఇంటర్వ్యూలో కూడా అడుగుతుంటారు. ఇప్పటి నుంచే నీ లాంచీలో మూడు బకెట్లు పెట్టేస్తే, ఆ ప్రశ్నకి బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

బోటింగ్ పాయింట్‌లో సమస్య వేరు. అక్కడ జెట్ స్కీలో పెట్రోలు పోసేదీ, తడి తాళ్లు లాగేదీ, లైఫ్ జాకెట్లు తొడిగేదీ, మధ్యలో ఎవరైనా అడిగితే మ్యాగీ, టీ అందించేదీ అన్నీ ఒకే మనిషి. శానిటైజర్ రాసుకుంటే చాలనుకుంటారు, పెట్రోలు, గ్రీజు, మట్టి ఉన్న చేతి మీద శానిటైజర్ పెద్దగా పనిచేయదు, సబ్బు పెట్టి 20 సెకన్లు కడగాల్సిందే. వాంతులు, విరేచనాలు అంటించే నోరోవైరస్‌కి కూడా ఆల్కహాల్ శానిటైజర్ సరిగా పనిచేయదు. తాళ్లకి చేతులు కోసుకుపోవడం మామూలే కదా, ఆ గాయాలకి నీలిరంగు వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేసుకో. ఊడి ఆహారంలో పడితే వెంటనే కనపడాలనే వాటికి ఆ రంగు పెట్టారు, తినే వస్తువుల్లో నీలిరంగువి దాదాపు ఉండవు. గాయాన్ని తెరిచి ఉంచి మురికి నీళ్లలో దిగితే నీకే లెప్టోస్పైరోసిస్ లాంటి జ్వరాలు వచ్చే ప్రమాదం ఉంది, కాబట్టి ఇది నీ ఆరోగ్యం సంగతి కూడా.

ఇంకో మాట, ఇది ఓనర్లు కూడా చదవాలని కోరుకుంటున్నాను. వాంతులో విరేచనాలో అయిన మనిషి అవి ఆగిన తర్వాత కూడా 48 గంటలు ఆహారం ముట్టుకోకూడదు. రోజు కూలీ మీద బతికే కుర్రాడు ఆ రెండు రోజులు కూలీ పోతుందని ఎవరికీ చెప్పకుండా పనికి వస్తాడు, వాడిని తప్పుపట్టలేం. ఆ రెండు రోజుల కూలీ ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం ఓనరు బాధ్యత. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగిన ఘోరం తర్వాత లైఫ్ జాకెట్ల విషయంలో అందరూ కళ్లు తెరిచారు, లాంచీల్లో పెట్టే భోజనం మీద కూడా ఆ శ్రద్ధ ఉండాలి. నది మధ్యలో, కొండల మధ్యలో యాభై మందికి ఒకేసారి వాంతులు మొదలైతే ఆసుపత్రికి చేర్చడానికి ఎంతసేపు పడుతుందో ఊహించు.

ఇప్పుడు క్రూయిజ్ షిప్పు మాట. అక్కడ హైజీన్ ఎంత కఠినంగా ఉంటుందంటే, అమెరికా రేవులకి వెళ్లే పెద్ద ప్రయాణికుల నౌకల్ని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పాపెట్టకుండా వచ్చి తనిఖీ చేస్తుంది, 100కి మార్కులు వేస్తుంది, 85 లేదా అంతకంటే తక్కువ వస్తే ఫెయిల్. 1970ల నుంచి నడుస్తున్న పద్ధతి ఇది, సిబ్బంది దీన్ని యూఎస్‌పీహెచ్ అంటారు. ఆ మార్కులు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు, అందుకే కంపెనీలు ఈ ట్రైనింగ్‌ని ఎవరికీ వదిలేయవు, ఉద్యోగంలో చేరాక తామే ఇస్తాయి. దాని కోసం నువ్వు బయట లక్షన్నర పెట్టడంలో అర్థం లేదు. ఉద్యోగం ఇచ్చేముందు వాళ్లు చూసేది ఇంగ్లీషు, హోటల్ అనుభవం, చాలా పోస్టులకి హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా, తర్వాత డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) అనుమతి ఉన్న సంస్థలో చేసిన ఎస్‌టీసీడబ్ల్యూ బేసిక్ సేఫ్టీ కోర్సులు, అంటే ఓడ సిబ్బందికి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇచ్చే భద్రతా శిక్షణ, సీమెన్ బుక్ అనే ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం, మెడికల్. నీ అనుభవంతో మొదట వచ్చేది గ్యాలీ యుటిలిటీ లాంటి పోస్టు, అంటే పాత్రలు కడగడం, గ్యాలీ, అంటే ఓడ వంటగది, శుభ్రం చేయడం. చిన్న పని అనుకోకు, అక్కడి నుంచే కుక్‌లైన వాళ్లున్నారు. కాకపోతే గంటలు ఎక్కువ, నెలల తరబడి ఇల్లు చూడవు, ఆ సంగతి ఇంట్లో అందరికీ ముందే తెలియాలి.

ఆ సంస్థకి ఫోన్ చేసి మీ ఆర్‌పీఎస్ఎల్ నంబరు ఎంత అని అడుగు. మన దేశంలో నావికుల్ని ఉద్యోగాల్లోకి పంపాలంటే డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆ లైసెన్సు ఉండాలి, నంబరు చెబితే డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో సరిపోల్చుకో. లైసెన్సు ఉన్నా కూడా ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదు, మెడికల్, పాస్‌పోర్టు, సీమెన్ బుక్ ఖర్చులు నీవి, వీసా ఖర్చు మాత్రం ఓడ యజమానిదే. ఇది ఓడ సిబ్బంది హక్కుల అంతర్జాతీయ ఒప్పందం మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2006లోనే ఉంది, మన దేశం 2015లో దానికి ఒప్పుకుంది. నంబరు అడగగానే మాట మారిస్తే, లేదా "ఆ లక్షన్నర కోర్సు ఫీజు, ఉద్యోగం మాత్రం ఫ్రీ" అంటే అక్కడే ఆపేయ్. శ్రీకాకుళం ఉద్దానం వైపు ఇలా ఓడల ఉద్యోగాలని నమ్మి అప్పులపాలైన కుటుంబాలు చాలా ఉన్నాయి, మీ ఇల్లు ఆ లెక్కలో చేరకూడదు.

వంట మీద నిజంగా ఇష్టం ఉంటే నాకు క్రూయిజ్ కంటే సరుకు రవాణా ఓడల దారి మెరుగనిపిస్తుంది. పది మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉండాల్సిన ఓడలో అర్హత ఉన్న షిప్స్ కుక్ ఉండాలని అదే కన్వెన్షన్ చెబుతుంది, అంతకంటే చిన్న ఓడల్లో కూడా గ్యాలీలో చెయ్యి పెట్టేవాళ్లకి ఆహార శుభ్రత, వ్యక్తిగత శుభ్రత, నిల్వ గురించి శిక్షణ ఉండాలి. దీనికి మన దగ్గర ఆరు నెలల మారిటైమ్ క్యాటరింగ్ కోర్సు ఉంది, సీసీఎంసీ అంటారు, టెన్త్ అర్హతతో చేరొచ్చు, మార్కుల నిబంధన, వయోపరిమితి ఉన్నాయి, అవి డీజీ షిప్పింగ్ సైట్‌లో చూసుకో. నీకు 22 కాబట్టి మరీ వాయిదా వేయకు. ముప్పై మంది లోపు ఉండే ఓడలో వంటవాడికి ఉండే గౌరవం వేరు, జీతమూ పనిని బట్టి పెరుగుతుంది. దీనికీ ఖర్చవుతుంది, కానీ చేతిలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న అర్హత మిగులుతుంది.

నీళ్లంటేనే ఇష్టం, వంట అంతగా పట్టదు అనుకుంటే గోవాలో జాతీయ వాటర్ స్పోర్ట్స్ సంస్థ ఉంది, కేంద్ర పర్యాటక శాఖ కిందిది. అక్కడ లైఫ్ సేవింగ్, పవర్ బోటు నడపడం లాంటి చిన్న కోర్సులుంటాయి. లైఫ్ సేవింగ్ సర్టిఫికెట్టు, దాని పక్కన ఫోస్టాక్, రెండూ ఉన్న కుర్రాడిని రిసార్టులు వెతుక్కుంటాయి, ఎందుకంటే చిన్న టూరిస్టు బోట్లలో ఒకడే రెండు పనులూ చేయాలి. ఇంగ్లండ్ లెవెల్ 2 ఫుడ్ సేఫ్టీ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇస్తామనే ప్రకటనలు కూడా చూసి ఉంటావు. అది అక్కడి బోట్లలో, యాట్‌లలో పనిచేసేవాళ్లకి మామూలుగా ఉండే కాగితం. ఇక్కడి నుంచి చేస్తే నేర్చుకోవడానికి బాగుంటుంది, దానివల్ల మాత్రం వీసా రాదు, ఉద్యోగమూ రాదు.

కాబట్టి ఈ నెలలో ఫోస్టాక్ చెయ్యి, థర్మామీటరు కొను, సీజన్ అయ్యేదాకా ఆ నోట్‌బుక్ రాయి, ఇంగ్లీషు రోజూ ఓ గంట మాట్లాడు, మీ లాంచీ ఎక్కే టూరిస్టులతోనే మొదలుపెట్టొచ్చు. సీజన్ తర్వాత క్రూయిజా, సీసీఎంసీయా, వాటర్ స్పోర్ట్సా అనేది తేల్చుకుందాం, అప్పుడు మళ్లీ రాయి. ఈలోగా పాస్‌పోర్టు లేకపోతే అప్లై చెయ్యి. అంతకంటే ముందు టెన్త్ మెమోలో, ఆధార్‌లో నీ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయో లేదో చూసుకో. మన వాళ్లకి ఒక దాంట్లో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకో దాంట్లో పూర్తి పేరు ఉండటం మామూలు, సీమెన్ బుక్ దగ్గరికి వచ్చేసరికి నెలల తరబడి తిప్పించేది అదే. తేడా ఉంటే ఈ వారమే మీసేవకో ఆధార్ సెంటర్‌కో వెళ్లి దిద్దించుకో.