సమాధానం: నైట్ డ్యూటీలో డాక్టర్ ఫోన్ సగంలోనే పెట్టేస్తే ఏం చేయాలి

సిస్టర్, మిర్యాలగూడలో నైట్ డ్యూటీ చేస్తున్నానని, ఫోన్ చేస్తే డాక్టర్ సగం విని పెట్టేస్తున్నారని రాశారు. ఆయన విసుగును మనం మార్చలేం గానీ చెప్పే వరుస మార్చొచ్చు. అమెరికా నౌకాదళంలో పుట్టి ఆస్పత్రులకు వచ్చిన ఎస్‌బార్ పద్ధతి (పరిస్థితి, నేపథ్యం, మన అంచనా, కావాల్సింది అనే వరుసలో చెప్పడం) ఇందుకే. "పేషెంట్‌కు బాగాలేదు సార్" అంటూ మొదలుపెట్టకండి. ఇట్లా చెప్పండి:

"సార్, మూడో బెడ్ బాలింతకు బ్లీడింగ్ ఆగట్లేదు. నాలుగో కాన్పు, గంట కింద నార్మల్ డెలివరీ. పల్స్ 124, బీపీ 90/60, గర్భసంచి మెత్తగా ఉంది. పీపీహెచ్ (కాన్పు తర్వాత అధిక రక్తస్రావం) అనుకుంటున్నా. మీరు వెంటనే రావాలి."

ఆ చివరి మాట దగ్గరే మనోళ్లు జంకుతారు. అడగాల్సిందే. ఈలోపు గర్భసంచి మసాజ్ ఆపొద్దు (మీకు తెలిసిందే అనుకోండి).

ఫోన్‌లో మందు చెబితే పేరు, డోసు తిరిగి చదివి వినిపించి, టైం వేసి కేస్‌షీట్‌లో రాయండి. అయినా రాకపోతే డ్యూటీ ఆర్‌ఎంఓకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్‌కు) చెప్పండి, అది చాడీ కాదు.

డబ్ల్యూహెచ్‌ఓ 2010లోనే డాక్టర్లూ నర్సులూ కలిసి, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలంది. మన దగ్గర చాలాచోట్ల ఎవరి క్లాసు వాళ్లదే. మీ సూపరింటెండెంట్‌ను అడిగి లేబర్ రూంలో నెలకోసారి పీపీహెచ్ డ్రిల్ పెట్టించండి, ల్యాబ్ టెక్నీషియన్‌నూ పిలవండి.